పూడికతీత పని ఎత్తుకున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. రేవు కమిటీ పూడికతీత పని నీ చేతిలో పెట్టిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అనుమతులకు ముందే అప్లై చెయ్యి. బురదను ల్యాబ్‌కు పంపు. పడవల అడుగుకు పూసే, తగరం (టిన్) కలిసిన రంగులపై 2008 నుంచి అంతర్జాతీయ నిషేధం ఉన్నా, పాత బురదలో ఆ విషం ఇంకా ఉండొచ్చు. తీసిన మన్ను ప్రవాహం మళ్లీ లోపలికి తేలేని చోట పోయించు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది నేను చేసిన తప్పు. నా మొదటి పూడికతీతలో కాంట్రాక్టర్‌కు బురద మోసే బార్జిల లెక్కన డబ్బిచ్చాను. గట్టు మీద నిలబడి ఒక్కో బార్జికీ నోటుబుక్కులో గీత గీసేవాణ్ణి. గీతలు పెరిగేకొద్దీ సంబరం! అడుగున బిగుసుకున్న ఒండ్రును కదిపితే నీళ్లు కలిసి ఉబ్బుతుందని తట్టలేదు. పనంతా అయ్యాక, ఆటుకు నీళ్లు బాగా తగ్గిన వేళ, రేవు మూతి దగ్గర సీసం గుండు కట్టిన తాడు దించాను. మూరెడు లోతు కూడా పెరగలేదు. తాడుకు అంటిన బురదను వేళ్లతో తుడుస్తూ చీకటి పడేదాకా కూర్చున్నాను. మీ పెద్దమ్మ వచ్చి ఇంటికి తీసుకెళ్లింది. ముందు లోతు సర్వే చేయించలేదుగా, ఇంకేం పెట్టుకుని నిలదీస్తాను?

నువ్వు మాత్రం, వాళ్లు మోసుకెళ్లిన బురదకు కాదు, పెరిగిన లోతుకే డబ్బివ్వు. ముందూ తర్వాతా ఒకే సర్వేయర్, ఒకే నీటిమట్టం లెక్క. శబ్దం పంపి లోతు కొలిచే ఎకో సౌండర్ ఎన్ని కిలోహెర్ట్జ్ మీద కొలవాలో కూడా కాంట్రాక్టులో రాయించు. 200 మీద జావలాంటి బురద పైభాగమే అడుగనిపిస్తుంది. 33 మీద ఇంకా కిందికి పోతుంది. ముందు 200తో, తర్వాత 33తో కొలిచారంటే తవ్వకుండానే లోతు పెరిగిపోతుంది!

ఇక డబ్బు. పూడిక తవ్వే డ్రెడ్జర్‌ను రప్పించి పంపే ఖర్చు, తవ్వేది కొంచెమైనా ఎక్కువైనా దాదాపు ఒకటే. పక్క రేవువాళ్లతో కలిసి పిలిపించు. పూడిక ఏటా వస్తుంది, గ్రాంటు ఏటా రాదు. పడవల ఫీజులో కొంత విడి ఖాతాలో వెయ్యి. షెడ్డు రేకులకని, ఈ ఒక్కసారికేనని అడుగుతారు. ఇవ్వకు. ఎవరడిగినా కాదనలేవు నువ్వు, నా భయమంతా అదే.

సర్వే రోజు కబురు చెయ్యి, వస్తాను. పడవ ఎక్కనులే, గట్టు మీదే ఉంటాను. నువ్వు మాత్రం లైఫ్ జాకెట్ వేసుకో.

నీ పెదనాన్న