పరుగుకి ముందు కాఫీ తాగితే ఊపు, మర్నాడు చిరాకు. కాఫీ మానేయాలా?

మానేయక్కర్లేదు. తాగే వేళ మార్చండి, అదీ ముందుగా సాయంత్రం కప్పుతో మొదలుపెట్టి.

ఆఫీసు అయ్యాక పరిగెడతాననీ, బయల్దేరే ముందు రెండు కప్పులు గట్టి కాఫీ తాగితే పరుగు హాయిగా సాగుతుందనీ రాశారు. మర్నాడు మాత్రం పొద్దున్నుంచీ మబ్బుగా, ఎవరు పలకరించినా విసుగ్గా ఉంటుందన్నారు. కాఫీ ముట్టని ఆదివారాల్లో తలనొప్పి, దిగులు కూడా అన్నారు. హాఫ్ మారథాన్‌కి తయారవుతున్నారు కాబట్టి ఆ ఊపు వదులుకోవాలని లేదు. నేను కూడా ఏళ్ల తరబడి పని ముగించుకుని సాయంత్రాలు పరిగెడుతున్నదాన్నే. అందుకే ఈ ప్రశ్నకి కాస్త వివరంగా జవాబు చెప్పాలనిపించింది.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది మెదడు కణాల మీద తన కోసం ఉండే గ్రాహకాలకి (రిసెప్టర్లు) అతుక్కున్నకొద్దీ మత్తు, అలసట తెలుస్తాయి. కాఫీలోని కెఫీన్ అణువు అడినోసిన్‌ని పోలి ఉంటుంది, అందుకని ఆ గ్రాహకాల్లో అదే ముందుగా చేరి కూర్చుంటుంది. కుర్చీలు నిండాయని అడినోసిన్ ఇంటికి వెళ్లిపోదు, పక్కనే నిలబడి ఉంటుంది. కెఫీన్ లేవగానే అంతా ఒక్కసారి వచ్చి కూర్చుంటుంది. మీ ఊపు, ఆ తర్వాతి నీరసం రెండూ ఇక్కడివే.

పరుగులో వచ్చే లాభం నిజమైనదే, భ్రమ కాదు. 1978లో అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త డేవిడ్ కాస్టిల్ బృందం సైకిల్ పోటీదారులకి 330 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి, ఇక తొక్కలేమనేదాకా తొక్కించింది. కెఫీన్ లేని రోజు దాదాపు 75 నిమిషాలు తొక్కినవాళ్లు, కెఫీన్ తీసుకున్న రోజు 90 నిమిషాలు తొక్కారు. కెఫీన్ వల్ల కొవ్వు ఎక్కువగా కరిగి గ్లైకోజన్ (కండరాల్లో నిలవ ఉండే పిండిపదార్థం) మిగులుతుందని అప్పట్లో అనుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో ఆ వివరణ బలహీనపడింది. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేదేమిటంటే, కెఫీన్ చేసే పనిలో పెద్ద వాటా మెదడులోనే జరుగుతుంది. అదే వేగంతో పరిగెడుతున్నా కష్టం తక్కువగా అనిపిస్తుంది. అప్పటిదాకా వచ్చిన ప్రయోగాల్ని 2005లో ఒకచోట చేర్చి చూస్తే, వ్యాయామం చేస్తున్నప్పుడు తెలిసే శ్రమ సగటున 5.6 శాతం తగ్గినట్టు తేలింది.

వింటే చిన్న అంకెలా ఉంటుంది కానీ పరిగెత్తేవాళ్లకి దాని విలువ తెలుసు. నేను కొన్ని నెలలపాటు ప్రతి పరుగు తర్వాతా శ్రమకి పదికి ఇన్నని మార్కులు వేసుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నెమ్మది పరుగుల్లో కాఫీ ఉన్నా లేకున్నా తేడా దాదాపు లేదు. ఇంటర్వెల్స్ (మధ్యమధ్య విరామంతో చేసే వేగం పరుగులు) రోజున మాత్రం చివరి రెండు మూడు విడతల్లో స్పష్టంగా కనిపించింది. కాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉండేది, కానీ ఆగిపోదామన్న ఆలోచన ఆలస్యంగా వచ్చేది. అందుకే రోజూ చేసే తేలిక పరుగుకి కాఫీ ఖర్చుపెట్టడం దండగని నా గట్టి అభిప్రాయం.

నమ్మకం పాత్ర కూడా కొంత ఉంది, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. 2006లో వచ్చిన ఒక ప్రయోగంలో సైక్లిస్టులకి కెఫీన్ ఇస్తున్నామని చెప్పి ఉత్తుత్తి మాత్రలే ఇచ్చారు. ఎక్కువ మోతాదు తీసుకున్నామనుకున్నప్పుడు వాళ్లు 3.1 శాతం ఎక్కువ శక్తితో తొక్కారు, ఉత్తుత్తి మాత్ర అనుకున్నప్పుడు 1.4 శాతం తగ్గారు. కాఫీ లేకుండా బయల్దేరిన రోజు 'ఇవాళ నా వల్ల కాదు' అని మనసు ముందే తీర్మానించుకోవడం కూడా ఇలాంటిదే.

మోతాదు సంగతి. క్రీడా పోషణ నిపుణులు చెప్పేది శరీర బరువులో కిలోకి 3 నుంచి 6 మిల్లీగ్రాములు, మొదలుపెట్టడానికి గంట ముందు. 60 కిలోల మనిషికి 180 నుంచి 360 మిల్లీగ్రాములన్నమాట. 240 మిల్లీలీటర్ల కప్పు కాఫీలో దాదాపు 95 ఉంటుంది, గింజనీ కాచే పద్ధతినీ బట్టి అటూ ఇటూ అవుతుంది. కొందరికి కిలోకి 2 మిల్లీగ్రాములు కూడా సరిపోవచ్చు, నేను ఆ కోవలోదాన్నే. కిలోకి 9 దాకా వెళ్తే అదనంగా వచ్చే లాభం లేదు, చేతుల వణుకు, కడుపులో తిప్పడం, గుండె దడ మాత్రం పెరుగుతాయి.

ఇక మీ చిరాకు విషయానికి వస్తాను. మీ ప్రశ్నలో అసలు ముడి ఇదే అనిపిస్తోంది.

ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరుకి 200 మిల్లీగ్రాములు తీసుకుంటే రాత్రి పదకొండుకి ఇంకా 100 మిగిలి ఉంటుంది. అంటే పడుకోబోయే ముందు ఓ కప్పు కాఫీ తాగినట్టే. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకి కూడా గంటకి పైగా నిద్ర తగ్గింది. 'నేను రాత్రి కాఫీ తాగినా హాయిగా నిద్రపోతాను' అనేవాళ్లు చాలామంది ఉంటారు. నాకూ పరుగు అలసటతో పడుకోగానే కన్ను మూతపడేది. అయితే నిద్ర పట్టడం వేరు, సరిపడా పట్టడం వేరు. నోట్‌బుక్‌లో శ్రమ మార్కు పక్కనే మర్నాటి మూడ్ కూడా రాసుకునేదాన్ని కాబట్టి నాకు దొరికింది. సాయంత్రం కాఫీ తాగిన మర్నాడు 'విసుగు', 'ఎవరితో మాట్లాడాలని లేదు' లాంటి మాటలు మళ్లీ మళ్లీ కనబడ్డాయి. పరుగు బాగా సాగిన రోజులూ అవే కావడంతో, ఆ రెండిటికీ సంబంధం ఉందని మామూలుగా ఎవరికీ తట్టదు.

మీ ఆదివారం తలనొప్పి వేరే సంగతి. రోజూ కెఫీన్ అలవాటైన ఒంటికి అది అందకపోతే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, నీరసం, చిరాకు, దిగులు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ముదిరి, 2 నుంచి 9 రోజుల్లో తగ్గిపోతాయి. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక సమస్యల గ్రంథంలో దీన్ని గుర్తింపు ఉన్న సమస్యగా చేర్చారు. కాబట్టి ఆదివారం దిగులు మీ స్వభావం కాదు, మీ జీవితంలో ఏదో లోపమనీ కాదు. ఈ మాట మీకు ధైర్యం కోసం నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో 'నేనే ఇలా మారిపోతున్నానేమో' అన్న వాక్యం చదివి బాధ కలిగింది.

అలవాటున్నవాళ్లకి పొద్దున కప్పు ఇచ్చే ఆనందంలో చాలా భాగం, రాత్రంతా కెఫీన్ లేక పడిపోయిన ఒంటిని మామూలు స్థాయికి తేవడమేనని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో చేసిన పరిశోధన చెబుతోంది. అలా అని ఆ ఆనందం అబద్ధమేమీ కాదు, నాకు పొద్దున కప్పు మహా ఇష్టం.

మనిషికీ మనిషికీ ఉన్న తేడా కూడా పెద్దదే. కెఫీన్‌ని విరగ్గొట్టే పని కాలేయంలోని ఒక ఎంజైముది, దాని వేగం జన్యువుల్ని బట్టి ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు నిలుస్తుంది, గర్భిణుల్లో ఇంకా ఎక్కువ. పొగతాగేవాళ్లలో త్వరగా పోతుంది. నాతో పరిగెత్తే స్నేహితురాలికి అర కప్పు కాఫీకే గుండె దడదడలాడుతుంది. పోటీ ముందు గుండె వేగం పెరగడం సహజం, దానికి కెఫీన్ దడ తోడైతే మనసు దాన్ని భయంగా చదువుకుంటుంది. ఆమెకి వచ్చేది అచ్చంగా అదే. కాఫీ లేకుండా మొదలుపెట్టిన పోటీల్లోనే ఆమె ప్రశాంతంగా, ఎక్కువ వేగంగా పరిగెడుతుంది. ఆందోళన స్వభావం ఉన్నవాళ్లకి ఎన్ని శాతాల లాభం చెప్పినా నేను కెఫీన్ సిఫారసు చేయను.

మీరైతే ఇలా చేసి చూడండి. పొద్దున కప్పు అలాగే ఉంచండి, ఆదివారం కూడా అదే వేళకి. సాయంత్రం కాఫీని ఒక్కసారిగా ఆపకుండా రెండు వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించండి, లేకపోతే ఆదివారం తలనొప్పి సోమవారానికి మారుతుంది. గట్టి ట్రైనింగ్ వారాంతపు పొద్దుటికి జరిపి, కెఫీన్ లాభం అక్కడ వాడుకోండి. సాయంత్రం పరుగుకి ముందు ఒక అరటిపండు తిని, మొదటి పది నిమిషాలు బాగా నెమ్మదిగా వెళ్లండి. మొదటి వారాల్లో కాళ్లు బరువుగానే ఉంటాయి, అది మీ ఫిట్‌నెస్ తగ్గడం కాదు. నిద్ర కుదుటపడ్డాక కూడా దిగులు రెండు వారాలు దాటి ఉంటే మాత్రం డాక్టరుని కలవండి, అప్పుడది కాఫీతో పోయేది కాదు.

రోజు మొత్తానికి ఆరోగ్యవంతులైన పెద్దలకి 400 మిల్లీగ్రాములు, గర్భిణులకి 200 దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. జిమ్ పౌడర్లు వాడేటప్పుడు డబ్బా మీద అంకె చదివి కాఫీతో కలిపి లెక్కపెట్టండి. శుద్ధ కెఫీన్ పొడి జోలికి అసలు వెళ్లొద్దు. ఒక్క టీస్పూను దాదాపు 28 కప్పుల కాఫీకి సమానమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

పోటీలో కాఫీ తాగితే డోపింగ్ అవుతుందా అని కూడా అడిగారు. కాదు. 1984 నుంచి ఒలింపిక్ పోటీల్లో మూత్రంలో కెఫీన్ ఇంతకు మించకూడదన్న పరిమితి ఉండేది, 2004 జనవరి 1 నుంచి నిషేధిత జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) దాన్ని గమనిస్తూ ఉంటుంది, అంతే.

పోటీకి వారం ముందు కాఫీ మానేస్తే ఆ రోజు ఎక్కువ పనిచేస్తుందని ఎవరైనా చెబితే వినకండి. రోజూ తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ లాభం ఒకేలా వచ్చిందని 2017లో సైక్లిస్టుల మీద చేసిన అధ్యయనంలో తేలింది. మానేస్తే మీకు మిగిలేది తలనొప్పి, నీరసమే. పోటీ రోజు పొద్దున మీరు రోజూ తాగే కాఫీనే, ప్రాక్టీసులో సరిపడిందని తేలినంత మోతాదులో, స్టార్ట్‌కి 45 నుంచి 60 నిమిషాల ముందు తాగండి. తాగాక ఒకసారి టాయిలెట్‌కి వెళ్లొచ్చేంత వ్యవధి చూసుకోండి, కాఫీ పేగుల్ని కదిలిస్తుంది.