మనవల వేసవి పెట్టెలకు 46 వేలా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూర్. మావారు ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరయ్యారు, 68 ఏళ్లు. నాకు 64. ఆయన పేర బ్యాంకులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 20 లక్షలు, ఎఫ్‌డీలో 6 లక్షలు ఉన్నాయి. ఎఫ్‌డీ వడ్డీ అసలులోనే కలుస్తుంది. పీఎఫ్ పెన్షన్ నెలకు 4,200, మేడ మీది పోర్షన్ అద్దె 14,000 వస్తాయి. ఇంటి ఖర్చు నెలకు 27,000. ఏటా వేసవి సెలవులకు మనవలకు పెట్టెలు కట్టి పంపుతాను. పిండివంటలు, పొడులు, పుస్తకాలు, ఆటవస్తువులు, తలా ఒక జత బట్టలు పెడతాను. బెంగళూరులో పెద్దబ్బాయి పిల్లలు ఇద్దరు (12, 8 ఏళ్లు), హైదరాబాద్‌లో మా అమ్మాయి కూతుళ్లు ఇద్దరు (10, 6), న్యూజెర్సీలో చిన్నబ్బాయి కొడుకు (9). పోయిన వేసవిలో బెంగళూరు పెట్టెకు 9,000, హైదరాబాద్‌కు 9,500, అమెరికాకు 27,500 అయింది. అమెరికా కొరియరే 16,500. అదే ఏడాది ఆయన కంటి ఆపరేషనుకు 28,000 కట్టాం. చాలక 30,000 ఎఫ్‌డీ ఒకటి మధ్యలో తీశాం. 'ఇక పెట్టెలు మానెయ్, ఆ డబ్బేదో పిల్లల పేర బ్యాంకులో వేద్దాం' అంటున్నారు మావారు. పైగా పెద్దకోడలు 'అమెరికా పెట్టె పెద్దది కదత్తయ్యా' అని ఓ మాట అంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, పెట్టెలు మానక్కర్లేదు. కానీ 46,000 మీ స్తోమతకు మించిన ఖర్చే. ఈ విషయంలో అయ్యగారి మాట నిజం.

ముందు పెట్టెల సంగతి పక్కన పెట్టి, మీరు జతచేసిన పాస్‌బుక్ పేజీ చూద్దాం. 20 లక్షల మీద 8.2 శాతం వడ్డీ అంటే ఏడాదికి 1,64,000. మూడు నెలలకోసారి 41,000 పడాలి. మీ ఖాతాలో పడుతున్నది 36,900. ప్రతిసారీ 4,100 తక్కువ. బ్యాంకు 10 శాతం టీడీఎస్, అంటే వడ్డీ చేతికిచ్చే ముందే కోసే పన్ను, పట్టుకుంటోంది. సీనియర్ సిటిజన్లకు ఒక బ్యాంకులో వచ్చే వడ్డీ ఏడాదికి లక్ష దాటితే, వద్దని మనం రాసివ్వనంత వరకు, వాళ్లు పట్టుకోవాల్సిందే. అయ్యగారి మొత్తం ఆదాయం ఎలా లెక్కేసినా నాలుగున్నర లక్షలు దాటదు. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు ఇలాంటి ఆదాయం మీద కట్టాల్సింది ఏమీ లేదు. అంటే పైసా పన్ను లేని మనిషి దగ్గర ఏడాదికి 16,400 కోసేశారు.

ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. జులై 31 లోపు ఆదాయపు పన్ను రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. ఇకముందు కోయకుండా ఉండాలంటే, ఏప్రిల్ మొదటి వారంలో అయ్యగారు బ్యాంకుకు వెళ్లి, టీడీఎస్ వద్దని ఏటా ఇచ్చే డిక్లరేషన్ రాసివ్వాలి. మనం ఇన్నాళ్లూ 15హెచ్ అని పిలిచిన ఫారం అదే. కౌంటర్లో అడిగితే ఇస్తారు. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి, అది లేకపోతే జులైలో మళ్లీ ఇదే కథ.

రెండో సంగతి. ఈ వడ్డీ ఏప్రిల్ 1కి పడుతుంది, అప్పుడే బెంగళూరు స్కూళ్లకు సెలవులు దగ్గరపడతాయి. ఖాతాలో ముప్పై ఆరు వేలు ఒక్కసారిగా కనబడితే ఎవరికైనా చేయి ఆడుతుంది. కానీ అది మిగులు డబ్బు కాదమ్మా, జూన్ ఆఖరు దాకా మీ ఇల్లు గడవాల్సిన డబ్బు. పోయినసారి మీ లెక్క తప్పింది అక్కడే. పెట్టెలు వెళ్లిన తర్వాత మే, జూన్ నెలలకు మిగల్లేదు, పైన ఆపరేషన్ వచ్చిపడింది. వడ్డీ పడగానే అందులో మూడో వంతు మాత్రమే ఏప్రిల్‌ది అనుకోండి.

ఇక పెట్టెలు. కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువుంటే దానికే బిల్లు వేస్తారు. మీ అమెరికా రసీదులో పెట్టె కొలతలు 60, 45, 38 అని ఉన్నాయి. లెక్కేస్తే ఇరవైన్నర కిలోలు. లోపల ఉన్న సరుకు 12 కిలోలు. మిగతా ఎనిమిదిన్నర కిలోలకు కట్టిన దాదాపు 7,000 అక్షరాలా గాలికి పోయాయి! ఆ రిమోట్ కారు డబ్బా, గాలి నింపిన చిప్స్ ప్యాకెట్లు చేసిన పని అది. అవి న్యూజెర్సీలో దొరకవా?

కాబట్టి నా సలహా: షాపులో దొరికేది ఏదీ పెట్టెలో పెట్టకండి. ఆటవస్తువులు, రంగులు ఆన్‌లైన్లో కొని నేరుగా వాళ్ల ఇంటికే చేరేలా ఆర్డర్ పెట్టండి. బట్టలు అసలే వద్దు. రంగనాథన్ వీధిలో ఎంత చవగ్గా కొన్నా, ఆరు నెలలుగా చూడని పిల్లల సైజు మనకు తెలియదు. పెట్టెలో మీ చేతివంటే ఉండాలి. జంతికలు, కందిపొడి, నువ్వుల పొడి లాంటివి. సున్నుండలు ఎండకు నెయ్యి కారతాయి, గాలి దూరని స్టీలు డబ్బాలోనే పెట్టండి. ఆవకాయ జాడీ మాత్రం ఎవరైనా వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపండి. నూనె కారే సరుకును చాలా కొరియర్లు తీసుకోరు, తీసుకున్నా ప్యాకింగుకు వేరే వసూలు చేస్తారు. చిన్నబ్బాయి పెట్టె 35, 28, 25 సెంటీమీటర్లు దాటకుండా చూస్తే ఐదు కిలోల బిల్లుతో పోతుంది. ఇంకో సంగతి, అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది. 100 డాలర్ల లోపు కానుకలకు మాత్రం మినహాయింపు ఉంచారు. ఫారంలో 'గిఫ్ట్' అని, లోపలున్న వస్తువులన్నీ, అసలు విలువ రాయండి. పోయినసారి మీరు పెట్టిన 11,000 సరుకు ఆ గీత దాటేదే.

పుస్తకాలు హైదరాబాద్, బెంగళూరులకు పోస్టాఫీసులో 'జ్ఞాన్ పోస్ట్' కింద వేయండి. 2025 మేలో మొదలైన ఈ సేవలో 300 గ్రాముల లోపైతే 20 రూపాయలు, ఐదు కిలోల దాకా 100 రూపాయలు, పైన పన్ను. ఆ కట్టలో పుస్తకాలు తప్ప మరేమీ పెట్టకూడదు. నెమ్మదిగా చేరుతుంది, పది రోజులు ముందే వేస్తే నష్టం లేదు.

ఎంత ఖర్చు పెట్టాలంటే, తలకు 3,000 చొప్పున ఐదుగురికి 15,000. కొరియర్ లెక్క ఇందులో కలపకండి. అది అందుకునేవాళ్లు పెట్టుకుంటారు. చిన్నబ్బాయికి ఫోన్ చేసి 'వంటలు నావి, కొరియర్ నీది' అని చెప్పండి. ఆ ఖర్చు వాడికి మీకున్నంత భారం కాదు. పెద్దబ్బాయికీ అదే మాట. అమ్మాయి దగ్గర తీసుకోవడానికి మీకు చేయి రాదని తెలుసు. హైదరాబాద్‌కు ట్రావెల్స్ బస్సులో పార్శిల్ వేస్తే పెద్దగా కాదు, అదొక్కటీ మీరే పెట్టుకోండి.

మీ పెద్దకోడలి మాటలో తప్పు లేదు. అమెరికా మనవడు ఒక్కడికే 11,000 సరుకు వెళ్లింది. బెంగళూరులో ఇద్దరికీ కలిపి, కొరియర్‌తో సహా 9,000. ఇకనుంచి లోపలి సరుకు అందరికీ ఒకే విలువలో ఉంటే చాలు. 12 ఏళ్లవాడికి ఏం కావాలో మాత్రం వాడినే అడగండి, ఆ వయసులో బొమ్మలు పంపితే మొహం మాడ్చుకుంటారు.

మూడు పెట్టెలూ ఒకేసారి కట్టే హడావుడి కూడా వద్దు. బెంగళూరుకు ఏప్రిల్ మొదట్లో, హైదరాబాద్‌కు ఆ నెలాఖరులో. న్యూజెర్సీ స్కూళ్లు మూసేది జూన్ మూడో వారం ప్రాంతంలో, కాబట్టి దానికి మే ఆఖరు దాకా టైముంది.

పిల్లల పేర బ్యాంకులో వేయడం గురించి. తాతలు మనవలకు ఎంతిచ్చినా పిల్లలకు పన్ను ఉండదు. కానీ మైనర్ పేర వేసిన డబ్బు మీద వడ్డీ తల్లిదండ్రుల ఆదాయంలో కలుస్తుంది. హైదరాబాద్‌లో ఆరేళ్ల పాపకు సుకన్య సమృద్ధి ఖాతా బాగుంటుంది, పదేళ్లు నిండకముందే తెరవాలి. అయితే తెరవాల్సింది మీ అమ్మాయో అల్లుడో, మీరు కాదు. తాతయ్యలు తెరిచిన పాత ఖాతాలను కూడా 2024 అక్టోబరు నుంచి తల్లిదండ్రుల పేరుకు మార్చమన్నారు. ఏటా 250 కట్టినా ఖాతా నడుస్తుంది. పుట్టినరోజుకు అందులో వేయండి, సరదా తీరుతుంది. పెద్ద మొత్తాలు మాత్రం వద్దు. మీ ఇద్దరికీ ఆరోగ్య బీమా ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. లేకపోతే ఆ ఎఫ్‌డీనే మీ ఆసుపత్రి ఖర్చు. దాన్ని పెట్టెలకూ, మనవల పేరకూ దేనికీ ముట్టుకోకండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు, ఈ నెలలోనే రెండు కంపెనీల ప్రీమియం అడిగి చూడండి.

ఈ వేసవికి 15,000 సేవింగ్స్ ఖాతాలోంచి తీయండి, టీడీఎస్ రీఫండ్ వచ్చాక అక్కడే తిరిగి వేసేయండి. వచ్చే ఏడాది కోసం ఏప్రిల్‌లోనే నెలకు 1,250తో పన్నెండు నెలల ఆర్‌డీ మొదలుపెట్టండి. డిక్లరేషన్ ఇచ్చాక వడ్డీలో నెలకు 1,366 రూపాయలు అదనంగా చేతికొస్తాయి కాబట్టి ఇంటి ఖర్చులో ఏదీ తగ్గించుకునే పని లేదు.