మందు మానేసిన మూడో రోజు నాన్నగారికి వణుకు, గోడ మీద చీమలు

రోజూ మద్యం తాగే మీ నాన్నగారు అది మానేసిన మూడో రోజు వణుకుతున్నారనీ, గోడ మీద లేని చీమలు కనిపిస్తున్నాయంటున్నారనీ రాశారు. ఇది మతిమరుపు కాదు, గాలీ ధూళీ అంతకన్నా కాదండీ. ఏళ్ల తరబడి రోజూ తాగి ఒక్కసారిగా ఆపితే వచ్చే విత్‌డ్రాయల్ లాగే ఉంది. 68 ఏళ్ల ఒంటికి ప్రాణాపాయం.

1. ఇప్పుడే 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా ఆగొద్దు.

2. రోజూ ఎంత తాగేవారో, చివరిసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పరువు కోసం "నీరసం" అని చెప్పి గ్లూకోజ్ పెట్టిస్తారు. తాగుడు సంగతి తెలిస్తే డాక్టరు థయామిన్, అంటే బి1, ఇస్తారు. అది ఇవ్వకుండా వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

3. బీపీ, షుగరు చీటీలు పట్టుకెళ్లండి. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర మీరే వేయకండి.

అమ్మగారు పోయాకే తాగుడు పెరిగిందన్నారు కదా. ఇంటికొచ్చాక సాయంత్రాలు ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు.