టోకెన్ అంచులు, గడులు, బరువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వేర్వేరు ఊళ్లలో ఉన్న స్నేహితులు నెట్‌లో కలిసి ఆడే రోల్ ప్లేయింగ్ ఆటల్లో, మ్యాప్ మీద ఒక్కో పాత్రకు ఒక్కో గుండ్రటి బొమ్మ ఉంటుంది. అదే టోకెన్. వాటి తయారీ గురించి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఏ జవాబు చదువుతున్నా ఒక్కటి గుర్తుంచుకోండి: మీరు బొమ్మ గీసేది తెర నిండా, ఆటగాళ్లు చూసేది మ్యాప్ మీది చిన్న గడిలో.

ప్రశ్న: బొమ్మలు సవరించే జింప్ సాఫ్ట్‌వేర్‌లో రెండు గుండ్రటి టోకెన్లు చేశాను. ఒకదాని చుట్టూ తెల్లటి చతురస్రం వస్తోంది. రెండోదానికి అది లేదు గానీ అంచు పొడవునా సన్నటి తెల్ల గీత ఉండిపోయింది. గుహ మ్యాప్ మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

జవాబు: రెండింటికీ కారణాలు వేరు. చతురస్రం జేపెగ్ వల్ల వచ్చింది. ఆ ఫార్మాట్‌లో పారదర్శకత నిలవదు, ఖాళీ వదిలిన చోటంతా ఏదో ఒక రంగుతో నిండిపోతుంది. పీఎన్‌జీ గానీ వెబ్‌పీ గానీ వాడండి. ఒకసారి జేపెగ్‌గా సేవ్ చేసినదాన్ని పీఎన్‌జీగా మార్చినా పోయింది తిరిగి రాదు. మళ్లీ కత్తిరించుకోవాల్సిందే.

తెల్ల గీత సంగతి ఇది. అంచు నునుపుగా కనిపించడానికి అక్కడి పిక్సెళ్లలో బొమ్మ రంగు, వెనకున్న తెలుపు కలిసిపోయి ఉంటాయి. తెలుపును తీసేసినా ఆ కలిసిన వరస అలాగే మిగులుతుంది. లేత మ్యాప్ మీద తెలియదు, చీకటి మ్యాప్ మీద బయటపడుతుంది. 'లేయర్' మెనూలోని 'ట్రాన్స్‌పరెన్సీ'లో 'ఆల్ఫా టు సెలెక్షన్' నొక్కండి. తర్వాత 'సెలెక్ట్' మెనూలో 'ష్రింక్' 2 పిక్సెళ్లు, 'ఫెదర్' 1 పిక్సెల్ ఇచ్చి, 'ఇన్వర్ట్' చేసి డిలీట్ కొట్టండి. గీత పోతుంది.

కొత్తది చేసేటప్పుడు 800×800 కాన్వాస్ తీసుకోండి. బొమ్మ ఉన్న లేయర్‌కు (పొరకు) ముందుగా 'యాడ్ ఆల్ఫా ఛానల్' ఇవ్వండి, పారదర్శకత నిలిచేది దాంతోనే. ఇది మరిచిపోతే డిలీట్ చేసిన చోట ఖాళీ బదులు బ్యాక్‌గ్రౌండ్ రంగు పడుతుంది. ఎలిప్స్ సెలెక్ట్ తీసుకుని పొజిషన్ 10, 10 అని, సైజు 780, 780 అని అంకెలు టైపు చేయండి. మౌస్‌తో లాగితే వృత్తం మధ్యలో కుదరదు. ఇన్వర్ట్ చేసి డిలీట్ కొడితే గుండ్రటి బొమ్మ మిగులుతుంది. రింగు కోసం సెలెక్షన్‌ను మళ్లీ ఇన్వర్ట్ చేసి, పైన కొత్త లేయర్ వేసి, అదే వృత్తాన్ని రంగుతో నింపి, సెలెక్షన్‌ను 36 పిక్సెళ్లు ష్రింక్ చేసి లోపలి భాగం తీసేయండి.

36 ఎందుకంటే, ఇలాంటి ఆటలు ఆడే రోల్20 సైట్‌లో గడి మామూలుగా 70 పిక్సెళ్లు. 800 నుంచి 70కి దిగేసరికి మీ రింగు మందం 3 పిక్సెళ్లు అవుతుంది. అందంగా ఉందని 10 పిక్సెళ్ల సన్న రింగు పెడితే ఒక్క పిక్సెల్ కూడా మిగలదు, జూమ్ మార్చినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. అలాగే చుట్టూ 100 పిక్సెళ్ల ఖాళీ వదిలితే టోకెన్ గడిలో ముప్పావు వెడల్పే వస్తుంది.

అయ్యాక 400×400కు తగ్గించి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైలును 17, 18 శాతం జూమ్‌లో చూడండి, ఆటలో కనిపించేది అంతే. అప్పుడు మనిషిని పోల్చుకోలేకపోతే నిలువెత్తు బొమ్మ మానేసి తల, భుజాలు మాత్రమే ఉంచండి.

ప్రశ్న: లాప్‌టాప్ లేదు. నోటు పుస్తకంలో గీసిన బొమ్మలను ఫోన్‌లోనే టోకెన్లుగా చేయొచ్చా? (రాయగడ)

జవాబు: చేయొచ్చు. పగటిపూట నీడలో, కాగితానికి సరిగ్గా పైనుంచి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి. బొమ్మలు గీసే ఐబిస్ పెయింట్ యాప్‌లో 800×800 కాన్వాస్ తెరిచి, కింది లేయర్‌లో నిండు వృత్తం వేయండి. పై లేయర్‌లోకి ఫొటో తెచ్చి 'క్లిప్పింగ్' ఆన్ చేస్తే ఫొటో వృత్తం లోపలే కనిపిస్తుంది. ముఖం మధ్యకు వచ్చేలా జరుపుకుని, మూడో లేయర్‌లో రింగు గీసి, పారదర్శక పీఎన్‌జీగా సేవ్ చేయండి.

ఎక్కువమందికి పని చెడేది ఆ తర్వాత. ఆ ఫైలును ఆట నడిపే గేమ్ మాస్టర్‌కు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే దారిలో జేపెగ్ అయిపోతుంది, మళ్లీ తెల్ల చతురస్రం. 'డాక్యుమెంట్'గా పంపండి.

ప్రశ్న: రోల్20 లాంటిదే అయిన ఫౌండ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఆడుతున్నాం. అందరికీ బాగానే ఉంది, మా బావ 4 జీబీ లాప్‌టాప్ మాత్రం మ్యాప్ తెరవగానే బిగుసుకుపోతోంది. టోకెన్లన్నీ 150 కేబీకి తగ్గించాను. అయినా అంతే. (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

జవాబు: మీరు తగ్గించింది ఫైలు బరువు. అది నెట్‌లో ప్రయాణానికే లెక్క. తెర మీదికి వచ్చేటప్పుడు బొమ్మ పూర్తిగా విప్పుకుంటుంది, ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు పడుతుంది. 2000×2000 టోకెన్ ఫైలు 150 కేబీ ఉన్నా మెమరీలో 16 ఎంబీ. అలాంటివి 30 వేర్వేరు బొమ్మలుంటే 480 ఎంబీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో ఇదంతా ఆ 4 జీబీ లోంచే పోవాలి. అవే 30 బొమ్మలు 400×400లో ఉంటే 20 ఎంబీ కూడా కాదు. కాబట్టి క్వాలిటీ కాదు, కొలత తగ్గించండి. ఒకే తోడేలు బొమ్మను పది చోట్ల పెట్టినా భారం పెద్దగా పెరగదు, అది ఒక్కసారే మెమరీలోకి వెళ్తుంది.

మ్యాప్ కూడా చూడండి. 30×20 గడుల మ్యాప్‌ను గడికి 140 పిక్సెళ్లతో చేస్తే 47 ఎంబీ, 100 పిక్సెళ్లతో చేస్తే 24 ఎంబీ. ఫౌండ్రీలో మామూలు గడి 100 పిక్సెళ్లే.

ఫైలు బరువు తగ్గించడం వృథా అనుకోకండి. ఫౌండ్రీని మీ ఇంటి కంప్యూటర్ నుంచే నడుపుతుంటే ప్రతి ఆటగాడికీ బొమ్మలు మీ అప్‌లోడ్ మీదే వెళ్లాలి. 300 కేబీ పీఎన్‌జీలు 40 ఉంటే ఐదుగురికి 60 ఎంబీ. 40 కేబీ వెబ్‌పీలైతే 8 ఎంబీతో సరిపోతుంది.

ప్రశ్న: మా ప్రాంతం రాక్షసబల్లుల శిలాజాలకు పేరున్నది. కోటసారస్‌ను మా ఆటలోకి తేవాలనుకుంటున్నాం. అంత పొడవాటి జంతువు చదరపు గడుల్లో ఎలా ఇముడుతుంది? (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు: చక్కటి ఎంపిక. 1988లో పేరు పెట్టిన ఈ శాకాహారి అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు, వీలైతే చూసి గీయండి. పొడవు సుమారు 9 మీటర్లు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్ ప్లేయింగ్ ఆటలో గడి 5 అడుగులు, అంటే మీటరున్నర. ఆ లెక్కన 6 గడులు. అలాగని 6×6 ఇవ్వకూడదు. ఆ పొడవులో చాలా భాగం మెడ, తోక. ఒంటికి 3×3, అంటే ఆ ఆటలోని 'హ్యూజ్' కొలత సరిపోతుంది. మెడ, తోక గడులు దాటి బయటికి రానివ్వండి.

కాన్వాస్ చదరంగానే ఉండాలి, 1200×1200 చాలు. పొట్ట సరిగ్గా కాన్వాస్ మధ్యలో ఉండాలి. టోకెన్ తిరిగేది మధ్య బిందువు చుట్టూ కాబట్టి, పొట్ట పక్కకు పోతే తిప్పిన ప్రతిసారీ జంతువు పక్క గడుల్లోకి దూకుతుంది. ఫౌండ్రీలో వెడల్పు 3, ఎత్తు 3 ఇచ్చి బొమ్మ స్కేల్ 2 చేయండి. తల కాన్వాస్ కింది వైపుకు ఉండాలి, ఫౌండ్రీ తిప్పేటప్పుడు ముఖం కిందికి ఉందనే లెక్క వేసుకుంటుంది.

పైనుంచి చూసినట్టే గీయండి. పుస్తకాల్లోని పక్కవాటు బొమ్మను తిప్పితే జంతువు పడిపోయినట్టుంటుంది. ఎండ ఒక పక్క నుంచి పడుతున్నట్టు నీడ వేయకండి, జంతువు వెనక్కి తిరిగితే నీడా వెనక్కి తిరుగుతుంది. వెన్నెముక వెంట లేతగా, పక్కలకు పోయేకొద్దీ ముదురుగా వేస్తే ఎటు తిప్పినా నప్పుతుంది.

ప్రశ్న: శత్రువులకు ఎర్ర రింగు, మనవాళ్లకు ఆకుపచ్చ రింగు పెట్టాను. మాలో ఒకరికి ఆ రెండు రంగుల తేడా తెలియదట. (బరంపురం, గంజాం జిల్లా)

జవాబు: రంగు ఒక్కదాని మీద ఆధారపడకండి. ఒడిశా గంజపా పేకముక్కలు చూసే ఉంటారు. గుండ్రటి ముక్కలు, 96 ముక్కల కట్టలో ఎనిమిది జట్లు, జట్టుకు 12. ఒక్కో జట్టుకు బొమ్మ వెనకున్న రంగు వేరు, దానితోపాటు గుర్తూ వేరు. మీరూ అదే పాటించండి. శత్రువులకు ముదురు రింగు వేసి దాని మీద నాలుగు వైపులా ముళ్లలాంటి మొనలు పెట్టండి. మనవాళ్లకు లేత పసుపు సాదా రింగు. తర్వాత జింప్‌లో 'డీశాచురేట్' చేసి చూడండి. నలుపు తెలుపుల్లోనూ తేడా తెలిస్తే అందరికీ తెలిసినట్టే.

ప్రశ్న: సవరల గోడబొమ్మల శైలిలో టోకెన్లు చేయాలనుంది. బాగుంటాయా? (గుణుపూర్, రాయగడ జిల్లా)

జవాబు: చాలా బాగుంటాయి. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి సన్న మనుషులు చిన్న గడిలో కూడా స్పష్టంగా తెలుస్తారు. గీత మాత్రం 800 కాన్వాస్‌లో 24 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఒక్క మాట. 'ఇడితాల్' అనే ఈ సవర చిత్రం ఇంటి గోడ మీద దేవతల కోసం, పెద్దల కోసం వేసే బొమ్మ. ఎవరి ఇంటి గోడనో ఫొటో తీసి ముక్కలు చేసి వాడకండి. ఆ శైలిలో మీ పాత్రను మీరే గీసుకోండి. అమ్మే ఆలోచన ఉంటే సవర చిత్రకారుడి చేతే వేయించి డబ్బివ్వడం న్యాయం.

ప్రశ్న: నిజామాబాద్‌లో డీటీపీ చేయించిన తెలుగు పేర్లను టోకెన్ మీద అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

జవాబు: అవి డీటీపీ వాళ్లు వాడే 'అను' ఫాంట్లలో టైపు చేసినవి అయ్యుంటాయి. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో తెలుగు టైపు చేసే పద్ధతిలో, మళ్లీ టైపు చేస్తే జింప్‌లో సరిగ్గా వస్తాయి. అయినా పేరు బొమ్మ మీద వద్దు. 70 పిక్సెళ్ల గడిలో ఒత్తులు కలిసిపోతాయి. రోల్20, ఫౌండ్రీ రెండింటిలోనూ టోకెన్ కింద పేరు చూపించే సదుపాయం ఉంది, అక్కడ తెలుగులో రాయండి. ఒకేలాంటి శత్రువులు ఎక్కువగా ఉంటే బొమ్మ మీద 1, 2, 3 అంకెలు చాలు, రామభద్ర లాంటి లావు ఫాంట్‌లో. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. విండోస్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టింపు ఉండదు గానీ, ఆటను లినక్స్ సర్వర్‌కు మార్చిన రోజున ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ టోకెన్ కనిపించదు.