పగడపు దిబ్బల దగ్గర ఒక పూట

ప్రశ్న: జనవరిలో మా కుటుంబమంతా చెన్నై మీదుగా అండమాన్ వెళ్తున్నాము. ఒక రోజు జాలీబాయ్ దీవిలో స్నార్కెలింగ్ (కళ్లకు, ముక్కుకు అద్దపు మాస్కు, నోట్లో గాలిగొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ నీటి అడుగును చూడడం) చేయాలని పిల్లలు పట్టుబడుతున్నారు. అమ్మాయికి పన్నెండేళ్లు, అబ్బాయికి ఏడేళ్లు. మావారికి తప్ప మాలో ఎవరికీ ఈత రాదు. ప్రయాణానికి ముందే తిరుమలలో అబ్బాయి తలనీలాల మొక్కు తీర్చుకోవాలి. మా అత్తగారికి రక్తపోటు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మేము నీళ్లలో దిగవచ్చా? పూజగదిలో ఉంచుకోవడానికి ఒక పగడపు ముక్క తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: దిగవచ్చు. అయితే అక్కడ అసలు చిక్కు ఈత రాకపోవడం కంటే, కాళ్లు కిందికి దించకుండా నిశ్చింతగా తేలడం రాకపోవడమే. మొదటిసారి దిగినవారు మాస్కులోకి నాలుగు చుక్కలు రాగానే బెదిరి, ఎక్కడ ఆనితే అక్కడ నిలబడిపోతారు. ఆ పాదం కింద ఉండేది రాయి కాదు, ప్రాణమున్న పగడం, అంటే చిన్న చిన్న సముద్ర జీవుల గుంపు. గుండ్రటి పగడాలు సాధారణంగా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుండి ఒక సెంటీమీటరు దాకా పెరుగుతాయి కనుక, మూరెడు వెడల్పున్న ముద్ద మీ అమ్మాయి కంటే వయసులో పెద్దదే అయి ఉంటుంది. దాని అంచులు గీరుకుంటే మనకయ్యే గాయమూ త్వరగా మానదు. అందువల్ల మీ బిడ్డకు, ఆ పగడానికి రక్షణ ఒక్కటే: తేలడం నేర్చుకోవడం.

దీనిని ప్రయాణానికి నెల ముందే తిరుపతిలో ఈతకొలనులో మొదలుపెట్టండి. ముఖం నీళ్లలో ఉంచి నోటితోనే గాలి పీల్చడం, గొట్టంలో నీరు చేరితే బలంగా ఊది బయటికి పంపడం, లైఫ్ జాకెట్ వేసుకుని బోర్లా తేలడం పిల్లలకు అలవాటైతే చాలు. మాస్కును పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చినప్పుడు అది అతుక్కుని నిలిస్తే సరిపోయినట్టు, జారిపోతే మార్చాలి. ఏడేళ్ల పిల్లవాడికి పెద్దల మాస్కు సరిపోదు కనుక పిల్లల కొలతది వెంట తీసుకువెళ్లడం మంచిది. కళ్లద్దాల వారికి పవర్ ఉన్న మాస్కులు దొరుకుతాయి. నీటి అడుగున వస్తువులు ఉన్న దూరం కంటే దాదాపు పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పిల్లలు చేయి చాపుతారు; ముట్టుకోకూడదని ఇంట్లోనే చెప్పి ఉంచండి. నీళ్లలో ఒక్కో బిడ్డ వెంట పెద్దవారు ఒకరు ఉండాలి. బాబు వెంట మీవారు, పాప వెంట అక్కడి గైడ్ ఉంటే సరిపోతుంది.

మన తూపిలిపాళెం తీరంలో ఇలాంటి దిబ్బలు ఎందుకు లేవని పిల్లలు అడగవచ్చు. పగడాలకు చాలా వరకు ఆహారం ఇచ్చేది వాటి శరీరంలోనే నివసించే సూక్ష్మమైన నాచు. ఆ నాచుకు ఎండ తగలాలి, ఎండ లోపలికి దిగాలంటే నీరు తేటగా ఉండాలి. నదులు తెచ్చే ఒండ్రుతో మసకబారే మన తీరం వాటికి సరిపడదు. లోతు తక్కువగా ఉన్న నీటిలో కాళ్లు తపతపలాడించి ఇసుక రేపితే, ఆ మసకనే మనం అక్కడ కల్పించినవాళ్లమవుతాము. నీరు వారాల తరబడి మామూలు కంటే వేడెక్కినా పగడాలు ఆ నాచును పోగొట్టుకుని తెల్లబారతాయి; 2010 వేసవిలో అండమాన్‌లో అదే జరిగింది. అలా దెబ్బతిన్నవి కోలుకోవాలంటే కనీసం మన పాదాల తాకిడి ఉండకూడదు.

బాబు గుండు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అప్పుడే వెంట్రుకలు తీసిన నెత్తి ఎండకు చాలా త్వరగా కందిపోతుంది, నీటిలో ఉన్నంతసేపు ఆ మంట తెలియదు. తలను కప్పే ఈత టోపీ, నిండు చేతుల ఈత దుస్తులు తప్పనిసరి. బోర్లా తేలేటప్పుడు ఎండ పడేది వీపు, పిక్కల మీద కనుక అందరూ అవి కప్పుకోవాలి. చీర, చున్నీ మాత్రం కాళ్లకు చుట్టుకుంటాయి, వద్దు. ఒళ్లంతా కప్పుకుంటే సన్‌స్క్రీన్ అవసరమూ తగ్గుతుంది. పగడాలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుండి ఆపివేసింది. మీరు కొనేటప్పుడు సీసా మీది పేర్లు చదివి, ఆ రెండూ లేనిదే తీసుకోండి.

మీ అత్తగారిని నీళ్లలోకి దించవద్దు. అడుగున అద్దం ఉన్న పడవలో కూర్చుంటే ఆమెకూ పగడాలు, చేపలు చక్కగా కనిపిస్తాయి. ఆ పడవలోకి మారే చోట చేయి పట్టుకునే మనిషి ఉండాలి. రక్తపోటు మాత్ర ఆ ఉదయం మరచిపోకూడదు.

జాలీబాయ్ మహాత్మాగాంధీ సముద్ర జాతీయ వనంలో భాగం. అక్కడికి వెళ్లడానికి అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి, పడవలు వండూరు అనే ఊరి రేవు నుండి ఉదయమే బయలుదేరతాయి. దీవిలోకి ప్లాస్టిక్ తీసుకువెళ్లనివ్వరు కనుక పులిహోర స్టీలు డబ్బాలోనే సర్దుకోండి.

పగడపు ముక్క తెచ్చుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దిబ్బల పగడాలకు పులికి ఉన్నంత రక్షణ ఉంది. ఒడ్డున చచ్చి పడి ఉన్న ముక్కకూ అదే వర్తిస్తుంది. ఎవరైనా అమ్మజూపినా కొనవద్దు, పిల్లల జేబులు కూడా విమానాశ్రయానికి బయలుదేరే ముందు ఒకసారి చూసుకోండి.