పీ-డెల్టా పెట్టాను, మొమెంట్లు మాత్రం కదల్లేదు!

ప్రశ్న: స్టాడ్‌లో (కట్టడాల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్) ఒక స్టీలు షెడ్డు చేస్తున్నాను. మామూలు అనాలిసిస్ తీసేసి పీ-డెల్టా (ఒరిగిన కాలమ్ మీద బరువు తెచ్చే అదనపు వంపునీ కలిపే లెక్క) పెట్టినా కాలమ్ మొమెంట్లు (కాలమ్‌ని వంచే ప్రభావం) దాదాపు అంతే వచ్చాయి. బక్లింగ్ ఫ్యాక్టర్ (లోడు ఎన్నింతలైతే ఫ్రేము వంగి పడిపోతుందో చెప్పే అంకె) 3.4 చూపిస్తోంది. "ఇంకేం, లోడు మూడింతలైనా పడిపోదు" అంటున్నారు మా సీనియర్. నమ్మొచ్చా?
– ఒక జూనియర్ ఇంజినీరు, విజయవాడ

జవాబు: ముందు లోడ్లు ఎలా ఇచ్చారో చూడండి. డెడ్ లోడ్ (షెడ్డు సొంత బరువు) ఒక కేసు, గాలి ఇంకో కేసు, చివర్లో లోడ్ కాంబినేషన్‌తో కలిపేశారు కదూ? తిరకాసు అక్కడే ఉంది. బరువు ఒక్కటే ఉన్న కేసులో కాలమ్ పెద్దగా పక్కకి ఒరగదు, గాలి ఒక్కటే ఉన్న కేసులో ఒరుగుతుంది గానీ నెత్తిన బరువుండదు, ఇక పీని (బరువుని) డెల్టాతో (ఒరుగుడుతో) గుణించడానికి ఏం మిగిలింది? లోడ్ కాంబినేషన్ చేసేది విడివిడిగా వచ్చిన జవాబుల్ని కూడడమే. రెండూ ఒకేసారి కాలమ్ మీదకి రావాలంటే రిపీట్ లోడ్ (ఆ కేసుల లోడ్లనే కలిపి ఒకే కొత్త కేసుగా నడిపే ఆప్షన్) వాడాలి. (ఈటాబ్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తీరు వేరు. బరువుల కాంబినేషన్ ఒకటి ముందే ఇస్తే, దాంతో మెత్తబడ్డ ఫ్రేము మీదే మిగతా కేసులన్నీ నడుస్తాయి. అక్కణ్నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బోల్తా పడేది అందుకే.)

ఎంత తేడా వస్తుందంటారా? కింద బిగించి పైన వదిలేసిన 5 మీటర్ల కాలమ్ అనుకోండి. పైకొసని గాలి 10 కిలోన్యూటన్లతో తోస్తే అడుగున మొమెంటు 50 కిలోన్యూటన్ మీటర్లు. కొస 20 మి.మీ. ఒరిగి, పైన 600 కిలోన్యూటన్ల బరువుంటే ఇంకో 12 కలుస్తుంది, ఆ 12కి మళ్లీ కాస్త ఒరుగుతుంది, ఆ ఒరుగుడుకి మళ్లీ మొమెంటు, అలా తగ్గుతూ తగ్గుతూ చివరికి మొత్తం 65 దాటాక గానీ ఆగదు. మీ బేస్ ప్లేటు మాత్రం 50కే చేసి ఉంటుంది.

ఇక సీనియర్ గారి మాట. నేనైతే నమ్మను. ఆ 3.4 ఏ వంకరా లేకుండా నిటారుగా ఉండి, ఎంత లోడుకీ ఈల్డ్ అవని (శాశ్వతంగా సాగిపోని) స్టీలుకి వచ్చిన లెక్క, అలాంటి స్టీలు ఏ గోడౌన్‌లోనూ దొరకదు. అది షెడ్డంతా ఊగే మోడ్‌దే (అంటే వంగే తీరుదే) అయితే నేను ఇలా చదువుతాను: 1లోంచి 1/3.4 తీసేస్తే 0.7, దాంతో 1ని భాగిస్తే 1.4, అంటే ఒరుగుడు సుమారు 40 శాతం పెరుగుతుంది. ఎలాస్టిక్ అనాలిసిస్‌లో ఈ ఫ్యాక్టర్ 10 కంటే తగ్గితేనే యూరోకోడ్ 3 (యూరప్‌లో స్టీలు డిజైన్ నియమావళి) ఈ ప్రభావాన్ని వదిలేయొద్దంటుంది. మీది 3.4. టెన్షన్ పడాల్సింది ఇక్కడ.

అన్నట్టు, మోడ్ బొమ్మ తెరిచి చూశారా? వంగుతున్నది ఎక్కడో ఒక సన్నటి మెంబరు ఒక్కటే అయితే ఆ 3.4 మీ కాలమ్‌ది కానే కాదు, తర్వాతి మోడ్లు ఒక్కొక్కటే తిప్పుతూ షెడ్డు ఊగేది ఎక్కడుందో వెతకండి.