లాన్ మానేయండి, పింటో వేసుకోండి

హైదరాబాద్‌లో ఇంటి ముందు లాన్ ఏటా ఎండిపోతోంది, దాని బదులు ఏడాదంతా పచ్చగా ఉండి, పూలు కూడా పూసే నేలబారు మొక్క చెప్పమని అడిగారు. పింటో పీనట్. ఇంకో ఆలోచన వద్దు.

అసలు లాన్ అంటేనే నాకు ఒళ్ళు మంట. మే నెలలో ట్యాంకర్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసి, వచ్చిన నీళ్ళు తీసుకెళ్ళి మెక్సికన్ గ్రాస్‌కు పడతారు మా కాలనీలో. పోనీ ఆ గడ్డి మీద ఎవరైనా కూర్చుంటారా అంటే అదీ లేదు. పిల్లలు అడుగుపెడితే అరుస్తారు!

పింటో మన వేరుశనగకు చుట్టమే, బ్రెజిల్ నుంచి వచ్చింది. అదే నాలుగు రెబ్బల ఆకు, అదే పసుపు పువ్వు. కాకపోతే నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేళ్ళు దించుకుంటుంది, ఏటా మళ్ళీ నాటే పని లేదు. కొంచెం నీడ ఉన్నా సర్దుకుపోతుంది.

మా నాన్న అనంతపురం జిల్లాలో జీవితమంతా వేరుశనగ పండించిన మనిషి. మా ఇంటికొచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు. "ఏమ్మా, ఇంటి ముందర శెనిక్కాయ ఏసినావే!" అని ఒకటే సంబరం. చెప్పులు విప్పి గొంతుకు కూర్చుని ఒక తీగ పీకాడు. మన్ను దులిపి చూస్తే కాయ లేదు. "కాయ పట్టని చెట్టుకు నీళ్ళు యాల పోస్తావు?" అన్నాడు. నేను చెప్పేది వినకుండా, వేరుకున్న చిన్న బుడిపెను గోటితో చిదిమాడు. లోపల గులాబీ రంగు. "బాగా పనిజేస్తాండాది. దీనికి యూరియా ఎయ్యొద్దు, అదే సంపాదించుకుంటాది" అని తేల్చేశాడు. ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. నెలనెలా ఎరువు పాకెట్ వేయాలని నాకు అంటగట్టబోయిన నర్సరీ కుర్రాడికి ఈ ముక్క ఎవరూ చెప్పినట్టు లేదు. చీకటి పడి ఆకులు ముడుచుకునేసరికి నీళ్ళు చాల్లేదేమోనని మా ఆయన పైపు అందుకుంటే, "పండుకోనీ అల్లుడా, పొద్దున లేస్తాదిలే" అన్నాడు నాన్న.

నర్సరీలో చవకగా వస్తుందని వెడీలియా చూపిస్తారు. అదీ పచ్చగానే ఉంటుంది, పసుపు పూలూ పూస్తుంది. ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి. ప్రపంచంలో అతి చెడ్డగా ఆక్రమించే 100 జాతుల జాబితాలో ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ) నిపుణులు దాన్నీ చేర్చారు. మా వెనక ఖాళీ ప్లాటులో ఎవరో కత్తిరించి పారేసిన కొమ్మలు ఒక్క వానాకాలంలో ప్రహరీ దాకా కమ్మేశాయి.

రోజంతా ఎండ కొట్టే అంచుల్లో బ్లూ డేజ్ పెట్టండి. మన విష్ణుక్రాంత కుటుంబమే, పొద్దున నీలంగా విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. నీళ్ళు నిలిస్తే మాత్రం చచ్చిపోతుంది.

పింటో తొలకరికి నాటండి. జానెడు తీగ ముక్కలు, అడుగుకొకటి. నేల కమ్ముకునేదాకా కలుపు తీయక తప్పదు. తుంగ ఉంటే ముందే గడ్డలతో సహా తవ్వి తీసేయండి. పింటో పరిస్తే తుంగ దానంతటదే పోతుందని వీడియోల్లో చెప్పేవాళ్ళు తుంగను ఎప్పుడూ చూసి ఉండరు.